కొత్త ఆటోమేటిక్ కారు నడిరోడ్డు మీద గేరు వదిలేస్తోంది, షోరూం వారు గేర్‌బాక్స్ విప్పుతామంటున్నారు: ఒప్పుకోవాలా, వేరే కారు అడగాలా?

నిజాంపేట_నివాసి
ఈ ఉగాదికి హైదరాబాదులో ఒక డీలరు దగ్గర పెట్రోలు ఎస్‌యూవీ, డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ రకం తీసుకున్నాను. అన్నీ కలుపుకొని 17 లక్షలు దాటింది. మొదటి సర్వీసు కూడా కాకముందే ఒక జబ్బు మొదలైంది. నడుస్తూ నడుస్తూ ఉండగా తెర మీద గేరు అంకె మిణుకుమంటుంది, పసుపు రంగు హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఆ తరువాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజిన్ అరుస్తుందే తప్ప బండి ముందుకు కదలదు. ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మియాపూర్ కూడలిలో ఆగినప్పుడు వెనకవాళ్ళ హారన్లతో సరిపోయింది గాని, గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతున్నప్పుడు వెనక లారీ ఉంది, పక్కన మా అమ్మ కూర్చుని ఉంది.

సర్వీసు వారు మొదట ట్రాఫిక్‌లో వేడెక్కిందన్నారు. తరువాత సాఫ్ట్‌వేర్ మార్చారు. అయినా తగ్గకపోతే ‘అన్ని బండ్లూ ఇంతే సార్’ అన్నారు. ఇప్పుడు గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్యాక్ మారుస్తాం, బండి వదిలి వెళ్ళండి అంటున్నారు. వేరే కారు ఇవ్వమని అడిగితే సేల్స్ మేనేజరు డెలివరీ అయ్యాక తనకు సంబంధం లేదంటాడు, వర్క్స్ మేనేజరు కంపెనీ అనుమతి రావాలంటాడు, కంపెనీ కాల్ సెంటరు డీలరునే సంప్రదించమంటుంది. రంగు పాతబడని బండిని విప్పనివ్వాలా, లేక విప్పవద్దని పట్టుబట్టి మార్చమని అడగాలా?

పెట్రోలు_ప్రియుడు
మీరు తిరిగేది నిజాంపేట, కూకట్‌పల్లి, మియాపూర్. నూనె లేని పొడి క్లచ్ ఉన్న డ్యుయల్ క్లచ్ బండిని ఆ ట్రాఫిక్‌లో బ్రేకు సగం వదిలి అంగుళం అంగుళం పాకిస్తే ఏ కంపెనీదైనా వేడెక్కుతుంది. ముందు బండికి రెండు గజాల ఎడం ఇచ్చి, ఒకేసారి కదిలి ఒకేసారి ఆగండి. లోపం బండిలోనే ఉందని ఇప్పుడే తీర్మానించవద్దు.

నిజాంపేట_నివాసి
రాత్రంతా సెల్లారులో నిలిపిన బండి, పొద్దున్నే తీయగానే, అపార్టుమెంటు గేటు దాటి కిలోమీటరు కూడా పోకముందే ఇదే పని చేసింది. దానిలో ట్రాఫిక్ పాత్ర ఏముంది?

గోదారి_గట్టు
వాహన పూజ సరిగ్గా చేయించారా? నిమ్మకాయలు నాలుగు చక్రాల కిందా పెట్టారా, లేక ముందు రెంటికే పెట్టి పొదుపు చేశారా? ముందు చక్రాలకే ఇంజిన్ తిప్పుడు అందుతుంది గనుక పంతులు గారు సాంకేతికంగా ఆలోచించి ఉండవచ్చు.

స్పానర్_బాబాయ్
చల్లని బండిలో వచ్చిందన్న మాట అసలైన మాట. నేను రెండు వేర్వేరు కంపెనీల వర్క్‌షాపుల్లో పని చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డ్యుయల్ క్లచ్‌లో ఒక క్లచ్ బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది. పొడి రకంలో చల్లబరచే నూనె ఉండదు గనుక, నెమ్మదిగా పాకేటప్పుడు క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, కంట్రోల్ యూనిట్ ఆ వేడిని అంచనా వేసి హెచ్చరిస్తుంది. అది లోపం కాదు, బండి తనను తాను కాపాడుకోవడం. పెట్రోలు_ప్రియుడు గారు చెప్పింది ఆ మేరకు సరైనదే. కానీ చల్లగా ఉన్నప్పుడే డ్రైవు తెగిపోతే, అంటే ఇంజిన్ శక్తి చక్రాలకు అందడం ఆగిపోతే, అనుమానం క్లచ్ పలక మీదికి కాక, దాన్ని తోసే యాక్చుయేటర్ మీదికి, దాని స్థానాన్ని చెప్పే సెన్సారు మీదికి, కనెక్టరు పిన్నుల మీదికి పోవాలి. ఆపి స్టార్ట్ చేయగానే మామూలు కావడం కూడా అటే చూపిస్తోంది. అసలు తప్పు యాక్చుయేటర్‌లో ఉండి వీళ్ళు క్లచ్ మార్చి పంపితే, కొత్త క్లచ్ కొన్నాళ్ళు బాగా నడిచి మళ్ళీ ఇదే కథ మొదలవుతుంది.

అందుకని విప్పాలా వద్దా అన్నదాని కంటే ముందు అడగవలసినది ఒకటుంది. ఏ ఫాల్టు కోడు (బండి కంప్యూటరు నమోదు చేసుకునే తప్పు సంకేతం) చూసి క్లచ్ మార్చాలని నిర్ణయించారో కాగితం మీద చూపించమనండి. పీ0700 అని ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి. గేర్‌బాక్స్ యూనిట్‌లో ఏదో తప్పు నమోదైందని చెప్పడానికే ఆ కోడు, ఏమిటో చెప్పే వేరే కోడు దాని వెనక ఉంటుంది. ఆ కోడుతో పాటు తప్పు జరిగిన క్షణంలో వేగం, ఉష్ణోగ్రత వంటి వివరాలు కూడా చాలా బండ్లలో భద్రమై ఉంటాయి. స్కానరు పెట్టిన కుర్రవాడు అలవాటుగా కోడు చెరిపేస్తాడు, దానితో మీ సాక్ష్యం పోతుంది. చెరపక ముందు ప్రింటు తీసి ఇమ్మనండి.

విశాఖ_తీరం
బాబాయ్ గారి మాటకు నా కేసు జోడిస్తాను. మా కొత్త కారులో వాన పడితే ముందు సీటు కింద కార్పెట్టు తడిసి ముద్దయ్యేది. నేను ‘లోపలికి నీరు కారుతోంది’ అని ప్రతిసారీ నోటితో చెప్పాను, సర్వీసు అడ్వైజరు ప్రతిసారీ తల ఊపాడు. చివరికి గొడవ పెద్దదై పాత జాబ్ కార్డులన్నీ (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకునే కాగితాలు) బయటికి తీస్తే, ఒకదానిలో ‘జనరల్ చెకప్’ అని, మరొకదానిలో ‘ఇంటీరియర్ క్లీనింగ్, కస్టమర్ రిక్వెస్ట్’ అని ఉంది. అంటే రికార్డు ప్రకారం నేను శుభ్రతా పిచ్చి ఉన్న మనిషిని, బండికి ఏ జబ్బూ లేదు. ఆ తరువాత అడ్వైజరు రాసిన వాక్యాన్ని నా ఎదుట మార్పించి, ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టాను. అడ్డుకున్న వాళ్ళు లేరు, కాస్త మొహం మాడ్చుకున్నారు అంతే.

అనంత_రహదారి
నేనైతే విప్పనివ్వను. ఫ్యాక్టరీలో బిగించిన గేర్‌బాక్స్ వేరు, షెడ్డులో బిగించినది వేరు. రేపు అమ్మేటప్పుడు సర్వీసు చరిత్రలో ‘గేర్‌బాక్స్ దించారు’ అని కనిపిస్తే సగం ధరకు అడుగుతారు. కొన్న కొత్తలోనే ఇలా అయితే మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మని అడగడమే న్యాయం.

ఎడిసన్_తెలుగోడు
న్యూజెర్సీలో దీనికి ప్రత్యేక చట్టం ఉంది. మొదటి 24,000 మైళ్ళు లేదా రెండేళ్ళు, ఏది ముందైతే అది, ఆ లోపల ఒకే లోపానికి మూడుసార్లు మరమ్మతు చేసినా పోకపోతే, లేదా బండి మొత్తం 20 రోజులు షెడ్డులో ఉండిపోతే, చివరిగా ఒక అవకాశం ఇచ్చి వాపసు కోరవచ్చు. అలాగని ఇక్కడి డీలరు నవ్వుతూ చెక్కు రాసిస్తాడని అనుకోవద్దు. మా బావమరిది బండికి ప్రతి మరమ్మతు కాగితం మీద ‘సమస్య కనబడలేదు’ అని రాసి పంపేవారు, ఆ లెక్కన మరమ్మతే జరగలేదని తరువాత వాదించారు. విశాఖ గారు చెప్పిన జాబ్ కార్డు తంతు ఖండాంతరమైనది.

వకీలు_హనుమకొండ
అనంత_రహదారి గారి సలహాతో నేను ఏకీభవించలేను. భారతదేశంలో అమెరికా తరహా ప్రత్యేక కార్ల చట్టం లేదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం, అందులోని 39వ సెక్షను. లోపం సరిచేయించడం, వస్తువు మార్చడం, ధర వాపసు, పరిహారం, వీటిలో ఏదైనా వినియోగదారుల కమిషన్ (పాత మాటలో వినియోగదారుల కోర్టు) ఆదేశించవచ్చు. కానీ 2006లో మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదో చూడండి. వారంటీ అంటే లోపమున్న భాగాన్ని మార్చడమే గాని మొత్తం కారును మార్చడం కాదన్నది. కంపెనీల వకీళ్ళు ఈ తీర్పును జేబులో పెట్టుకుని తిరుగుతారు. మీరు మరమ్మతుకే అవకాశం ఇవ్వకపోతే, ‘ఉచితంగా బాగుచేస్తామన్నాం, ఆయనే బండి ఇవ్వలేదు’ అన్న ఒక్క వాక్యంతో మీ కేసు సగం చచ్చిపోతుంది.

కాబట్టి మరమ్మతుకు ఇవ్వండి, అయితే ఉత్తరంతో ఇవ్వండి. ‘మార్పిడి లేదా వాపసు కోరే నా హక్కును వదులుకోకుండా, నిరసనతో మరమ్మతుకు అప్పగిస్తున్నాను’ అని రాసి డీలరుకూ, కంపెనీ రిజిస్టర్డు కార్యాలయానికీ ఈమెయిల్, రిజిస్టర్డు పోస్టు రెండూ పంపండి. తీసిన పాత భాగాన్ని పారేయకుండా ఉంచమని అందులోనే కోరండి.

నల్గొండ_నిజం
కమిషన్ల మీద మీకున్న నమ్మకం నాకు లేదు. చట్టంలో ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని ఉంది. మా పెదనాన్న కేసులో ఆ గడువు పూర్తయ్యేసరికి కంపెనీ వకీలు ఇంకా వకాలతు దాఖలు చేయడంలోనే ఉన్నాడు. గెలిచాక రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు. ఈ లోపు కారు పాతదైపోయింది, పెదనాన్నకు మోకాళ్ళ నొప్పులొచ్చి నడపడమే మానేశారు.

వకీలు_హనుమకొండ
ఆలస్యం నిజమే, దాచవలసిన పని లేదు. అయినా రెండు సంగతులు. జవాబు దాఖలుకు 30 రోజులు, పొడిగిస్తే మరో 15, అంతకు మించి కమిషన్ ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, కాబట్టి ఆ అభ్యంతరం మొదటి వాయిదాల్లోనే గట్టిగా లేవనెత్తాలి. డబ్బు చెల్లించమన్న జిల్లా కమిషన్ తీర్పు మీద అప్పీలుకు వెళ్ళే కంపెనీ ఆ మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. దానితో చాలామంది రాజీకి దిగి వస్తారు.

తార్నాక_తరుణి
17 లక్షల బండికి ఎక్కడ వేయాలి? బుకింగు ఫారం వెనక సన్న అక్షరాల్లో ‘వివాదాలన్నీ ఫలానా నగరపు కోర్టుల పరిధిలోనే’ అని ఉంటుంది కదా. అదొకటి. ఇంకొకటి, ఈ చట్టంలో ప్రాడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) అని ఒక అధ్యాయమే ఉందని చదివాను, దాని కింద నేరుగా తయారీదారును పట్టుకోవచ్చు కదా?

వకీలు_హనుమకొండ
చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట వేసుకోవచ్చని 34వ సెక్షను స్పష్టంగా చెబుతోంది, సన్న అక్షరాలు దాన్ని కొట్టేయలేవు. 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు రుసుము 400 రూపాయలు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు (ఇది చెప్పి నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను). కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి.

ప్రాడక్ట్ లయబిలిటీ గురించి చాలామంది పొరబడతారు. ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే మనిషికో, వేరే ఆస్తికో జరిగినది. వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. బ్రేకు పడక మనిషి గాయపడితే ఆ అధ్యాయం. బండే పనికిమాలినదైతే ‘వస్తులోపం’, ‘సేవాలోపం’ అన్న మామూలు దారిలోనే పోవాలి. డీలరునూ, తయారీదారునూ ఇద్దర్నీ చేర్చండి. తయారీ లోపానికి కంపెనీ, జాబ్ కార్డులు మసిపూసి మారేడుకాయ చేసినందుకు డీలరు. డీలరు సొంతంగా చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపలేకపోతే దాన్ని కంపెనీకి అంటగట్టలేమని 2021లో టాటా మోటార్స్ వర్సెస్ ఆంటోనియో పాలో వాజ్ తీర్పు చెప్పింది. అందుకే ప్రతి ఈమెయిల్ నకలు కంపెనీకి వెళ్ళాలి.

బెజవాడ_క్యాబు
నాది పసుపు ప్లేటు బండి. ఏసీ కంప్రెసరు వారంటీలోనే పోతే డీలరు ‘మీది కమర్షియల్, మీకు వినియోగదారుల కోర్టు లేదు’ అని బెదిరించాడు. నేను ఆ బండి తోలుకునే బతుకుతున్నాను, డ్రైవర్లను పెట్టి ఫ్లీటు నడపడం లేదు. ఇది నిజమేనా?

వకీలు_హనుమకొండ
నిజం కాదు. స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసమే కొని తనే వాడుకునేది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని చట్టంలోని వివరణలోనే ఉంది. ఆ సంగతిని ఫిర్యాదు మొదటి పేరాల్లోనే రాయాలి.

కరీంనగర్_కిక్కు
ఇన్ని సెక్షన్లెందుకు? లోను వాయిదాలు కట్టడం ఆపేయండి. బ్యాంకువాడే డీలరు మెడ పట్టుకుంటాడు.

తార్నాక_తరుణి
దయచేసి ఆ పని చేయకండి. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. అప్పు ఒప్పందం మీకూ బ్యాంకుకూ మధ్యది, బండి మంచిదా చెడ్డదా అన్నది దానిలో ఎక్కడా ఉండదు. బ్యాంకు పట్టుకునేది మీ మెడనే, సిబిల్ స్కోరు పడేది మీదే. కట్టిన వడ్డీని పరిహారంలో భాగంగా అడగండి, కట్టడం మాత్రం మానకండి.

గోదారి_గట్టు
అయితే మిగిలింది గాడిదల మార్గమే. బండికి గాడిదలను కట్టి షోరూం ముందు ఊరేగిస్తే మరునాడు పత్రికలో వస్తుంది. అద్దె గాడిద దొరకకపోతే నన్ను పిలవకండి.

సమన్వయకర్త
షోరూం పేరు, సిబ్బంది పేర్లు, ఫోను నంబర్లు రాసిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. కేసు వేసే ఆలోచన ఉన్న సభ్యుడికి ఎదుటి పక్షం నుంచి పరువు నష్టం నోటీసు తెచ్చిపెట్టవద్దు. గాడిదల చర్చకు వేరే శీర్షిక తెరవండి.

కడప_కళ్ళజోడు
కొనబోయేవాళ్ళ కోసం ఒక మాట, శీర్షికకు కొంచెం పక్కనే అయినా. నా బండి కుడి వైపు వెనక తలుపు రంగు ఎండలో వేరుగా కనబడుతోందని అనుమానం వచ్చి, మిత్రుడి దగ్గర రంగు మందం కొలిచే మీటరు తెచ్చి చూశాను. మిగతా బండి అంతా 100 మైక్రాన్ల చుట్టూ ఉంటే ఆ తలుపు ఒక్కటీ 250 దాటింది. స్టాకు యార్డులో ఎవరో గుద్దితే మళ్ళీ రంగు వేసి కొత్త బండిగా అంటగట్టారన్నమాట. డెలివరీ పూలదండల హడావిడిలో కాదు, రిజిస్ట్రేషనుకు డబ్బు కట్టకముందే యార్డుకు వెళ్ళి బండి చూడాలి, తయారైన నెల, ఛాసిస్ నంబరు ఫారం 22తో (తయారీ కంపెనీ ఇచ్చే రోడ్డు యోగ్యతా పత్రం) సరిపోల్చుకోవాలి. ఒకసారి మీ పేర రిజిస్టరైతే ‘ఇక ఇది పాత బండి’ అన్న వాదన వాళ్ళకు దొరుకుతుంది.

నల్గొండ_నిజం
వకీలు గారిని ఒకటి అడగాలి. కమిషన్‌లో కేసు ఎక్కడ పోతుందో చెప్పండి, గెలిచే సంగతి తరువాత.

వకీలు_హనుమకొండ
నిపుణుడి నివేదిక దగ్గర పోతుంది. ‘నా బండి ఆగిపోతోంది’ అన్నది మీ మాట, ‘తయారీ లోపం’ అన్నది నిపుణుడి మాట. మామూలు పరిశీలనతో తేలని లోపమైతే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షను కింద కమిషన్‌కు ఉంది, దానికి రుసుము ముందుగా ఫిర్యాదుదారే కట్టాలి. ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తు కూడా వేయండి. ఇంజనీరింగు కళాశాల మెకానికల్ విభాగానికి పంపమని కోరడం కూడా ఉంది. 2010లో ఫియట్ కేసులో సుప్రీంకోర్టు స్వతంత్ర నిపుణుడి పరీక్షకే పంపి, తయారీ లోపం తేలితే ధర వాపసు ఇవ్వాలన్నది. అంటే వాపసు తలుపు మూసుకుపోలేదు, దాని తాళం నిపుణుడి చేతిలో ఉంది. ఇంకొకటి, ఓడోమీటరు. వేల కొద్దీ కిలోమీటర్లు తిప్పుతూ ‘నడవదు’ అంటే ఎవరూ నమ్మరు.

స్పానర్_బాబాయ్
రీకాల్ సంగతి, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిపించి సరిచేయడం, ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 110ఏ సెక్షను 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది, ఏడేళ్ళ లోపు వాహనాల భద్రతా లోపాల మీద వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒక మోడల్ మీద నిర్ణీత శాతం ఫిర్యాదులు చేరితేనే కదలిక ఉంటుంది గనుక మీ ఒక్కరి బండికి తక్షణ ఫలితం రాదు. అయినా రింగు రోడ్డు మీద డ్రైవు తెగడం భద్రతా లోపమే కాబట్టి నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. అది తీర్పు ఇచ్చే చోటు కాదు గాని, కంపెనీ పై వారి దగ్గరకు ఫైలు కదులుతుంది.

నిజాంపేట_నివాసి
అందరి మాటలూ విన్నాక జరిగింది చెబుతాను. వకీలు గారు చెప్పిన వాక్యంతో ఉత్తరం రాసి డీలరుకూ కంపెనీకీ పంపాను, 1915లో నమోదు చేశాను. అంతవరకు దొరకని ఏరియా సర్వీస్ మేనేజరు ఆ తరువాత తనే ఫోను చేసి, లాప్‌టాప్ పెట్టుకుని నాతో పాటు పొద్దున్నే బండిలో కూర్చున్నాడు. అదృష్టమో దురదృష్టమో, ప్రగతినగర్ చెరువు దాటగానే ఆయన కళ్ళ ముందే డ్రైవు తెగింది. ప్రింటు తీయించాను. బాబాయ్ గారు ఊహించినట్టే కోడు యాక్చుయేటర్‌ది, క్లచ్‌ది కాదు. ముందు క్లచ్ మారుస్తామని ఎందుకన్నారని అడిగితే వర్క్స్ మేనేజరు ‘అది ప్రిలిమినరీ’ అన్నాడు. బండి అప్పగించాను, భాగం కంపెనీ గోదాము నుంచి రావాలట. తాత్కాలికంగా వేరే బండి ఇవ్వమని అడిగితే ఇచ్చారు, డీజిలు మాన్యువల్.

స్పానర్_బాబాయ్
అప్పగించిన నాటి కిలోమీటర్ల అంకె జాబ్ కార్డు మీద ఉందా? భాగం బిగించాక గేర్‌బాక్స్‌కు అడాప్టేషన్ (కొత్త భాగానికి తగ్గట్టు దాని కంప్యూటరును సర్దడం) చేయాలి, అది చేసిన రిపోర్టు కూడా అడగండి. చేయకుండా పంపితే కుదుపులు వస్తాయి, మళ్ళీ ‘అన్ని బండ్లూ ఇంతే’ అంటారు.

నిజాంపేట_నివాసి
ఉంది, ఫోటో కూడా తీశాను. అడాప్టేషన్ రిపోర్టు ఈరోజే ఈమెయిల్‌లో అడుగుతాను.

అనంత_రహదారి
అంటే వాపసు వదులుకున్నట్టేనా?

నిజాంపేట_నివాసి
లేదు. మరమ్మతు తరువాత ఇదే కోడు మళ్ళీ వస్తే ఆ ప్రింటుతోనే ఫిర్యాదు దాఖలు చేస్తాను, ముసాయిదా ఇప్పటి నుంచే రాసుకుంటున్నాను.

వకీలు_హనుమకొండ
బండి తీసుకునేటప్పుడు గేట్ పాస్‌తో పాటు ‘పూర్తి సంతృప్తితో స్వీకరించాను’ అని అచ్చేసిన కాగితం ఒకటి ముందు పెడతారు. దాని మీద ‘నడిపి చూసే షరతుతో’ అని చేత్తో రాసి, ఆ పైన సంతకం పెట్టండి. వాళ్ళు రాయనివ్వం అంటే ఆ విషయాన్నే అక్కడి నుంచే ఈమెయిల్ చేయండి.